బొక్క ఎవరిది?

హోసూరు దగ్గరి అత్తిముగంలో ఐరావతేశ్వరుని గుడి చుట్టూ పాత ఇళ్ల గోడలు రాతివి, మట్టివి. వాటికి కరెంటు వచ్చిన కొత్తలో ఎవరూ గోడను తొలవలేదు. కొయ్య పట్టీ కొట్టి, దాని మీద వైరు పరిచి, చెక్కపెట్టె స్విచ్‌బోర్డును పైన బిగించారు. ఇప్పుడు హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడ పనులు సూళగిరి దాకా పాకాయి. ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చే పిల్లలకు గదులు కావాలి. మేడ మీద పెద్ద హాలు వేసి, దాన్ని జిప్సం బోర్డుతో గదులుగా విడగొడితే ఇటుక ఖర్చు మిగులుతుంది, అద్దె గిడుతుంది.

అలాంటి మేడ ఒకదాని మీద, గోడల్లో స్టడ్లకు, అంటే నిలువు ఇనప పట్టీలకు, ఒక పక్కే బోర్డు పడి రెండో పక్క ఇంకా తెరిచి ఉండగా, ఒక మామకూ మేనకోడలికీ నడిచిన వాదన ఇది. మామ వైర్‌మ్యాన్. ఈ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని ఇల్లు తక్కువ. కోడలు బెంగుళూరులో అగ్నిభద్రత సలహాదారుల దగ్గర ఇంజినీరు. నేను కోడలి పక్షమని ముందే చెప్పేస్తే మేలు. అయితే మామ అడిగినవాటిలో ఒకటి రెండింటికి నా దగ్గరా సరైన జవాబు లేదు.

కోడలు: మామా, ఈ బాక్సు వెనకాల వేలు పెట్టి చూడు.

మామ: పెట్టినా. అరంగుళం సందు ఉండాది. ఏమి దానికి?

కోడలు: స్టడ్డు రెండంగుళాలు, బాక్సు లోతు రెండంగుళాలు. బోర్డు మందం అరంగుళం పోతే, మిగిలిన ఒకటిన్నర అంగుళం గోడ లోపల ఉండాది. దాని వెనక మిగిలింది నీ వేలు పట్టినంత. పక్క గదికీ ఈ గదికీ మధ్య రెండు బోర్డులని ఓనరుకు చెప్పినారు కదా. ఈ చోట ఉండేది ఒకటే.

మామ: ఒకటి చాలదా? మామూలు బోర్డు కూడా కాదు, పింకుది. ఫైర్ బోర్డు అని షీటు మీదనే రాసుండాది. ఓనరు దానికి వేరేగా డబ్బు పెట్టినాడు.

కోడలు: రాసుండేది షీటు మీద. గంట సేపు నిలబడతాదని సర్టిఫికెట్ ఇచ్చేది షీటుకు కాదు మామా, గోడకి. ఇంత మందం బోర్డు, ఇంత దూరంలో స్టడ్లు, ఇన్ని స్క్రూలు, కీళ్లకు టేపు, కాంపౌండు, అన్నీ కలిపి ఒక గోడ కట్టి కొలిమికి ఆనించి కాలుస్తారు. కొలిమి అరగంటకు 840 డిగ్రీలు దాటుతాది, గంటకు 945. అవతలి పక్క సగటున 140 డిగ్రీలకు మించి వేడి పెరగకూడదు, ఏ ఒక్క చోటా 180కి మించకూడదు. సందు దగ్గర దూది పెడితే అంటుకోకూడదు. ఆ గోడకి తరవాత నువ్వు రంపం పెట్టినావంటే, వాళ్లు పరీక్ష చేసిన గోడ వేరే, నీది వేరే.

మామ: నేను కోసేది నాలుగంగుళాలు మూడంగుళాలు. గోడ పదడుగులు.

కోడలు: బోర్డు ఎందుకు నిలబడతాదో తెలుసునా?

మామ: సున్నం మాదిరి కదా. కాలదు.

కోడలు: కాలకపోవడం ఒకటే కాదు. జిప్సంలో బరువుకు అయిదో వంతు నీళ్లు ఉండాయి, గట్టిగా పట్టుకోనుండాయి. ఆరడుగులు నాలుగడుగుల షీటులో తక్కువలో తక్కువ మూడున్నర లీటర్లు. మంట తగిలితే ఆ నీళ్లు ఆవిరైపోతా వేడిని తాగేస్తాయి. నీళ్లు అయిపోయేదాకా అవతలి పక్క నూరు డిగ్రీల దగ్గరే నిలిచిపోతాది. మామూలు బోర్డయితే నీళ్లు పోయినాంక పగిలి రాలిపోతాది, పింకు బోర్డులో గాజు పీచు ఉండాది కాబట్టి ఇంకొంచెం సేపు పట్టుకోనుంటాది. ఇప్పుడు చెప్పు, నీ బాక్సు ఉండే చోట ఎన్ని నీళ్లు ఉండాయి?

మామ: బాక్సు ఉండే చోట బాక్సు ఉండాది.

కోడలు: అదే నేను చెప్పేది. ఇక్కడ ఇనప బాక్సు ఉండాది. ఆ మూల నాలుగు రూములకీ ప్లాస్టిక్‌వి పెట్టినావు. ఇనపది వేడిని అవతలికి మోసేదైనా, ఆకారం చెడకుండా నిలబడతాది. ప్లాస్టిక్‌ది మంట తగిలిన కొన్ని నిమిషాలకే మెత్తబడి కారిపోతాది. అంతటితో మొదటి బోర్డు పోయినట్టే. స్టడ్ల మధ్య సందులోకి నేరుగా మంట.

మామ: ప్లాస్టిక్ బాక్సు పెట్టింది షాకు కొట్టకుండా. తుప్పు పట్టకుండా. నీకు మంట భయం, నాకు షాకు భయం. మా పనిలో ఎంతోమందిని షాకుకు పోగొట్టుకున్నాము. మంటకు పోయినవాణ్ణి నేను చూడలేదు.

ఈ మాటను కోడలు కొట్టిపారెయ్యలేదు. ఇనప బాక్సు పెడితే ఎర్త్ వైరు బాక్సుకూ బిగించాల్సిందే. అది చెయ్యకుండా ఇనపది మంచిదనడం ఒక ప్రమాదాన్ని తీసి ఇంకో దాన్ని పెట్టడమే. మామ ఆ పని మానడని తెలుసు కాబట్టి ఆమె ఆ సంగతిని పొడిగించలేదు.

మామ: అసలు విషయానికి రా పాపా. మంట వచ్చినాంక గోడ ఎంతసేపు ఆపుతాదని నువ్వు లెక్క చేస్తావుండావు. మంట రాకుండా చేసేది నా పని. ప్రతి రూముకీ ఎంసీబీ, అంతస్తుకి ఆర్సీసీబీ, వైరు మంచి కంపెనీది. షార్టయితే రెప్పపాటులో కొట్టేస్తాది. ఇంక మంట యాడనుంచి వస్తాది?

కోడలు: షార్టయితే కొట్టేస్తాది, లోడు ఎక్కువైతే కొట్టేస్తాది, ఎర్త్‌కి లీకైతే ఆర్సీసీబీ కొట్టేస్తాది. స్క్రూ లూజయితే?

మామ: ...

కోడలు: చెప్పు మామా. పదహారు ఆంప్స్ సాకెట్టు వెనకాల స్క్రూ లూజు. పిల్లోడు ఇండక్షన్ పొయ్యి పెట్టినాడు. లైన్లో పోయే కరెంటు పొయ్యి తీసుకునేదే, దానికి మించి ఒక్క ఆంపు పోదు. ఎంసీబీకి అంతా సరిగానే ఉన్నట్టు లెక్క. స్క్రూ దగ్గర మాత్రం ఎర్రగా కాలతా ఉంటాది.

మామ: చేపల వాసన వస్తాది.

కోడలు: అదే.

మామ: నాకు తెలుసులే. ఎన్ని చోట్ల పిలిచినారో, "అన్నా, గదిలో చేపలు కాల్చినట్టు వాసన, చూస్తే ఏమీ లేదు" అని. పోయి ప్లేటు ఊడదీస్తే సాకెట్టు వెనక నల్లగా. ఆ ప్లాస్టిక్ కాలితే అదే వాసన. రూములో వాళ్లు ముక్కు మూసుకోని పడుకుంటారు కానీ ప్లగ్గు తియ్యరు.

కోడలు: మరి, గోడకి బొక్క ఉండేదీ, నిప్పు పుట్టేదీ ఒకే చోట. తలుపు దగ్గర సందు ఉంటే మంట ఎక్కడో పుట్టి అక్కడికి రావాల. సాకెట్టు దగ్గర రావాల్సిన పని లేదు. అమెరికాలో 1980 నవంబరు 21న లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ అనే హోటలు కాలింది. కింది అంతస్తులో తిండి కౌంటరు దగ్గర గోడలో దాగిన వైరులో ఎర్త్ ఫాల్టు. ఎవురికీ కనపడకుండా లోపలే వేడెక్కి అంటుకునింది. 85 మంది చచ్చిపోయినారు, ఎక్కువ మంది ఎక్కడో పై అంతస్తుల్లో, పొగకు.

మామ: అంత దూరం ఎందుకు? మన పక్క చూడు. 2023లో జులైలో కృష్ణగిరి పాతపేటలో పేలింది పటాకుల గోదాము. అదే ఏడు అక్టోబరు 7న అత్తిబెలెలో కాలింది పటాకుల అంగడి, పద్నాలుగు మందికి పైగా పోయినారు, పాపం పండక్కి పనికని వచ్చినోళ్లు. 2024 సెప్టెంబరులో టాటా ఎలక్ట్రానిక్స్‌లో మంట లేచింది, ఊరంతా పొగ. వీటిలో సాకెట్టుది ఏది? నువ్వు చెప్పేది జరగదని కాదు. జరిగేవి వేరేగా ఉండాయి అంటాను.

కోడలు: మరి బెంగుళూరు కార్ల్‌టన్ టవర్స్? 2010 ఫిబ్రవరి 23. పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో. కరెంటు డక్టులో మొదలైనది. డక్టు అంతస్తు అంతస్తుకీ మూసుండాల, లేదు. పొగ దాంట్లోంచి ఎక్కింది. తొమ్మిది మంది పోయినారు, కొందరు ఊపిరాడక కిటికీల్లోంచి దూకి పోయినారు. సికిందరాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సు, 2023 మార్చి 16. ఆరుగురు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు, వరంగల్ పక్క, ఖమ్మం పక్క పల్లెల నుంచి ఉద్యోగానికి వచ్చినోళ్లు. మంట వాళ్లను ముట్టలేదు. పొగే. నీ రూముల్లో పడుకోబోయేది ఆ వయసు వాళ్లే.

మామ: పొగే అన్నావు కదా. కార్ల్‌టన్‌లో పొగ ఎక్కింది డక్టులో, నిలువుగా. సాకెట్టు బాక్సులోంచి కాదు. నువ్వు చెప్పిన రెండింట్లోనూ సాకెట్టు ఎక్కడుంది?

ఇక్కడ మామదే పైచెయ్యి. పెద్ద ప్రమాదాల విచారణల్లో డక్టులు, తాళం వేసిన మెట్లు, లిఫ్టు గొట్టాలు, అడ్డంగా పేర్చిన సరుకు కనిపిస్తాయి. సాకెట్టు బాక్సు పేరు పెట్టి ఎవరూ రాయరు. కాలి బూడిదైన గోడలో ఏ బొక్కలోంచి ఎంత పొగ వెళ్లిందో తేల్చడం ఎవరి తరమూ కాదు. కోడలు ఆ సంగతి ఒప్పుకుంది, కాకపోతే ఒప్పుకున్న తీరు ఆమెదే.

కోడలు: డక్టు మూయని బొక్క, ఇదీ మూయని బొక్క. అది పెద్దది కాబట్టి పేరు వచ్చింది. నీ రూముల్లో పక్క గది ఫోను మాటలు వినపడతాయని మొన్న కింది అంతస్తు పిల్లలు చెప్పినారే, ఆ మాటలు యాడనుంచి వస్తావుండాయి?

మామ: బోర్డు పలచన కదా.

కోడలు: చెవి పెట్టి విన్నావా? నేను విన్నాను. బోర్డు దగ్గర కాదు, ప్లగ్గు పాయింటు దగ్గర. మాట పోయే దారిలో పొగ పోదా?

మామ: సరే. మాట పోతే మూస్తాను. ఫోము డబ్బా ఉండాది బండిలో. ఒక్క నొక్కు నొక్కితే బాక్సు చుట్టూ పొంగి నిండిపోతాది. అంతే కదా నీకు కావాల్సింది?

కోడలు: అయ్యో, అది మాత్రం వద్దు మామా. 1975 మార్చి 22న అమెరికాలో అలబామాలో బ్రౌన్స్ ఫెర్రీ అనే అణువిద్యుత్ కేంద్రంలో ఏమి జరిగిందో చెప్తాను విను. కేబుళ్లు గోడ దాటే చోట సందులకు ఈ ఫోమే, పాలీయూరిథేన్‌ది. గాలి లీకవుతా ఉండాదేమోనని చూసేదానికి ఒకడు కొవ్వొత్తి వెలిగించి సందు దగ్గర పట్టుకున్నాడు. గాలి మంటను లోపలికి లాగింది. ఫోము అంటుకునింది. మంట గోడ దాటి అవతలి పక్కకి పోయింది. ఏడు గంటలు కాలింది, 1600 కేబుళ్లకు పైన దెబ్బ తిన్నాయి. సందు మూసిన సరుకే మంటను అవతలికి మోసింది.

మామ: కొవ్వొత్తితోనా? అణుకేంద్రంలో?

కోడలు: కొవ్వొత్తితోనే.

మామ: మన పనోళ్లు అగరొత్తితో చూస్తారు. పరవాలేదు అయితే, మనం వాళ్లకన్నా నయమే.

మామ చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు తర్వాతే అతను అసలు గట్టి దెబ్బ కొట్టాడు.

మామ: ఇంక నేను చెప్పేది నువ్వు విను. పైకి చూడు. బోర్డు యాడ ఆగింది?

కోడలు: ఫాల్స్ సీలింగు ఫ్రేము దగ్గర.

మామ: దాని మీద స్లాబు దాకా?

కోడలు: ఖాళీ.

మామ: ఒకటిన్నర అడుగు. ఈ చివరి రూము నుంచి ఆ చివరి రూము దాకా, పిల్లి నడిచిపోయేంత. తలుపులు ఫ్లష్ డోర్లు, పది నిమిషాలు ఆగుతాయో లేదో. వీటన్నిటినీ వదిలేసి నా మూడంగుళాల బాక్సు పట్టుకోనుండావు. నువ్వు చదివిన చదువులో ముందు ఏది, వెనక ఏది అని చెప్పరా?

కోడలు: చెప్తారు. దీంట్లో నీదే కరెక్టు. పైన ఖాళీ ఉండగా బాక్సు చుట్టూ ఏమి పూసినా దండగ. ముందు ఆ గోడలు స్లాబుకు అంటాల.

మామ: అట్ల చెప్పు. ఆ మాట ఓనరుకు చెప్పు. నాకు కాదు.

కోడలు: చెప్పినాను. మెట్ల పక్క గోడకి, వరండా పక్క గోడకి, వంట గోడకి స్లాబు దాకా బోర్డు ఎక్కిస్తానన్నాడు. రూముకీ రూముకీ మధ్య ఎక్కించనన్నాడు.

మామ: మరి అన్ని బాక్సులకూ నీ పేస్టు ఎందుకు?

కోడలు: అన్నిటికీ ఎవురు అడిగినారు? నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో హాస్టలును డార్మిటరీ లెక్కలో, ఏ-3 అని పెట్టినారు. అదే కోడ్ 2016లో వచ్చినదాంట్లో నాలుగో భాగం, మంటకు రేటింగు ఉండే గోడలోంచి ఏది పోయినా ఆ సందును గోడకు ఉండేంత రేటింగుతోనే మూయాల అంటాది. రేటింగు ఉండే గోడకి అంటాది. అన్ని గోడలకూ అనదు. నీ మేడ మీద మంట ఆపాల్సిన గోడలు మూడే: మెట్లది, వరండాది, వంటది. పిల్లోళ్లు ఏ రూములో ఉండినా దిగిపోవాల్సింది వరండా మీదుగా, మెట్ల మీదుగా. ఆ దారి ఒక గంట పొగ లేకుండా ఉంటే చాలు. ఆ మూడు గోడల్లో ఉండే బాక్సులు లెక్క పెట్టు.

మామ: (లెక్క పెట్టి) పదకొండు. టీవీ పాయింటుతో పన్నెండు.

కోడలు: పన్నెండింటి కోసమే నేను అరిచేది.

మామ: ఆ మాట ముందే చెప్పుంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

అగ్నిభద్రత గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా చేసే తప్పు ఇదే. ఏ గోడకు కావాలో చెప్పకుండా అన్నిటికీ కావాలంటారు. వినేవాడు ఖర్చు లెక్క వేసుకుని దేనికీ వద్దంటాడు.

మామ: చెప్పు, పన్నెండింటికి ఏమి చెయ్యాలంటావు?

కోడలు: మొదటిది డబ్బు లేని పని. గోడకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉండే బాక్సులు ఒకే స్టడ్డు సందులో ఉండకూడదు. మధ్యలో ఒక స్టడ్డు రావాల, అడ్డంగా రెండడుగుల దూరం ఉండాల. అమెరికా కోడ్‌లో కొలత 24 అంగుళాలు.

మామ: ఒకే సందులో పెట్టింది వైరు మిగులుతాదని. పైనుంచి ఒక పైపు దించితే రెండు పక్కలకూ అయిపోతాది.

కోడలు: మిగిలేది పది అడుగుల వైరు. రెండోది, ఆ గోడల్లో ప్లాస్టిక్ బాక్సు వద్దు. మూడోది, పెద్ద బాక్సు వద్దు. వాళ్ల లెక్క ఇనప బాక్సు ఒక్కొక్కటి 16 చదరపు అంగుళాలకు మించకూడదు, నూరు చదరపు అడుగుల గోడకి అన్ని బాక్సులూ కలిపి నూరు చదరపు అంగుళాలు దాటకూడదు అని. మన మూడు మాడ్యూళ్ల బాక్సు ఆ లెక్కలో పడతాది. నువ్వు టీవీకి పెట్టిన ఎనిమిది మాడ్యూళ్లది పడదు.

మామ: సెట్ టాప్ బాక్సు, ఇంటర్‌నెట్టు, చార్జరు, అన్నీ ఒకే చోట కావాలని ఓనరు అడిగినాడు.

కోడలు: వంట గోడ మీదనా? పక్క గోడకి మార్చెయ్. నాలుగోది, నువ్వు బొక్క కోసేటప్పుడు బాక్సు కన్నా ఎంత పెద్దది కోస్తావు?

మామ: కొంచెం వదులుగానే కోస్తాము. ప్లేటు కప్పేస్తాది కదా.

కోడలు: అదే. ప్లేటు కప్పేస్తాది, అందుకే ఎవురూ చూడరు. బాక్సుకీ బోర్డుకీ మధ్య ఎనిమిదో వంతు అంగుళం దాటకూడదు. దాటితే, కీళ్లకు పూసే కాంపౌండే అక్కడా నింపాల. అదీ జిప్సమే. బకెట్లో మిగిలింది రోజూ పారేస్తావుండారు, దానికేమి ఖర్చు?

మామ: ఇంక నీ ఖరీదైన పేస్టు?

కోడలు: పేస్టు కాదు, పుట్టీ ప్యాడ్. రొట్టె మందం ఉంటాది, మెత్తగా. ఒబ్బట్టులో పూర్ణానికి పిండి చుట్టినట్టు బాక్సు వెనకాలా పక్కలా చుట్టేసి, వైరు పైపు వచ్చే చోట కూడా నొక్కేయాల. మామూలుగా అట్లే మెత్తగా ఉంటాది. వేడి తగిలితే ఉబ్బి గట్టిపడి, ప్లాస్టిక్ కరిగిపోయిన చోటు కూడా నింపేస్తాది. ఎదురెదురు బాక్సులు దూరం పెట్టేదానికి వీలు లేని చోట అదే దారి.

మామ: హోసూరులో ఏ ఎలక్ట్రికల్ అంగట్లో అడిగినా ఆ పేరు చెప్తే నవ్వుతారు. బెంగుళూరు నుంచి తేవాల. ఒక్కొక్కటి కొన్ని వందలు. పన్నెండింటికి ఎంతవుతాదో నేను లెక్క పెట్టుకున్నాలే. బాక్సు కన్నా ప్యాడ్ ఎక్కువ.

కోడలు: రాక్‌వూల్ దొరుకుతాది కదా? ఆ సందు నిండా కూరితే?

మామ: గ్లాస్‌వూల్ ఉండాది. సౌండుకని తెప్పించినాము.

కోడలు: అది సౌండుకే. గాజుది ఆ వేడికి కరిగి కూర్చుంటాది. రాతి ఉన్ని వెయ్యి డిగ్రీలకు కూడా నిలబడతాది. రెండూ చూసేదానికి ఒకే మాదిరి ఉంటాయి, సంచీ మీద పేరు చూసి తీసుకో.

మామ: బోర్డు ముక్కలు కింద ఎన్ని పడుండాయి చూడు. వాటితోనే బాక్సు చుట్టూ ఇంకో పెట్టె కడితే?

కోడలు: మంచి ఆలోచనే. అట్ల చేసేవాళ్లు ఉండారు, బాక్సు వెనకాల బోర్డుతో అయిదు పక్కలా పెట్టె కట్టడం. కానీ ఈ స్టడ్డులో చోటు యాడ? వెనక ఉండేదే అరంగుళం. మూడంగుళాల స్టడ్డు వేసుంటే హాయిగా పట్టేది. ఆ తేడా డబ్బు ఓనరు మిగిల్చుకున్నాడు, ఇప్పుడు ప్యాడ్‌కి పెట్టాల.

మామ: అయితే ఇంకో మాట చెప్తా, కోపపడవద్దు. బాక్సు గోడ లోపల పెట్టనే వద్దు. పైన బిగిస్తాను. పీవీసీ కేసింగ్-కేపింగ్ పట్టీ కొట్టి, సర్‌ఫేస్ బాక్సు. గోడకి బొక్కే లేదు. మా మేస్త్రి కాలం పని.

కోడలు: దానికి నేను కోపపడను మామా. నేను చెప్పిన అన్నిటి కన్నా అదే మంచిది.

మామ: ఓనరు కోపపడతాడు. "ఏమి, గవర్నమెంటు ఆఫీసు మాదిరి చేసినావు" అంటాడు.

వాదన ఇంతదాకా పనిముట్ల మీద, సరుకు మీద నడిచింది. నాకు అసలు ముడి ఆ తర్వాత వచ్చిన నాలుగు మాటల్లో కనిపించింది. అంతవరకు మామ అడ్డం చెప్పింది ఖర్చుకని అనుకున్నాను. ఖర్చు ఒక్కటే కాదు.

మామ: ఇంత చెప్పినావు. ఈ పని చెయ్యాల్సింది ఎవురు?

కోడలు: నువ్వే కదా, బాక్సు పెట్టేది.

మామ: నాకు కూలి ఎట్ల ఇస్తారు? పాయింటుకింత. లైటు పాయింటు ఒక రేటు, ప్లగ్గు పాయింటు ఒక రేటు. బోర్డు వాడికి చదరపు అడుగుకింత. నేను కోసిన బొక్క కూడా వాడి కొలతలోనే కలిసుండాది, దాన్ని తీసెయ్యరు. అంటే ఆ బొక్క ఉండే చోటికి కూలి వాడికి ముట్టింది. కోసింది నేను. మూయాల్సింది ఎవురు? వాణ్ణడిగితే "కోసినోడు మూస్తాడు" అంటాడు. నేను "గోడ వాడిది" అంటాను. ఇద్దరి బిల్లులోనూ ఆ వరస లేదు.

కోడలు: ఓనరు?

మామ: ఓనరు ప్లేటు పడినాంక చూస్తాడు. తెల్లగా మెరస్తా ఉంటాది.

కోడలు: బిల్లులో ఒక వరస రాయించుకో. "రేటింగు గోడలో బాక్సు చుట్టూ మూయడానికి, ఒక్కొక్కదానికి ఇంత" అని.

మామ: రాస్తే కొట్టేస్తాడు.

కోడలు: కొట్టేస్తే కొట్టేసినట్టు కాగితం మీద ఉంటాది. ఇప్పుడయితే అడిగినట్టు కూడా లేదు.

పెద్ద సైట్లలో ఈ తగువు తీర్చడానికి ఒక పద్ధతి ఉంది. సందులు మూసే పని మొత్తాన్నీ వేరే కాంట్రాక్టుగా ఒక్కరికే ఇస్తారు. ప్రతి సందుకూ నంబరు, మూసినవాడి పేరు, తేదీ, బోర్డు పడకముందు తీసిన ఫోటో. గ్రామ పంచాయతీ ప్లానుతో లేచే రెండంతస్తుల మేడకు అంత హంగు ఎవరు పెడతారు? మామ వైపు నిలబడి చూస్తే అతని కోపం న్యాయమే. కోడ్ రాసినవాళ్లు గోడను ఒకటిగా చూస్తారు, దాన్ని కట్టేవాళ్లు నలుగురు. నలుగురి కూలీ నాలుగు కొలతల్లో. ఆ కొలతల మధ్య మిగిలిపోయిన చోటే బొక్క. కోడలు చెప్పే భౌతికశాస్త్రం అంతా నిజమే గానీ, జిప్సంలో ఎన్ని నీళ్లున్నాయో తెలిసినంత మాత్రాన కాంపౌండు బకెట్ ఆ బొక్క దగ్గరికి నడిచిపోదు. ఇటుక గోడల్లోనూ ఇదే కథ. నాలుగున్నర అంగుళాల గోడకు అటూ ఇటూ ఒకే చోట రెండేసి అంగుళాల బాక్సులు కొట్టిన ఇళ్లు మన ఊళ్లలో కొల్లలు. మధ్యన మిగిలేది అరంగుళం ఇటుక, అదీ సుత్తి దెబ్బకు పగిలి ఉంటుంది. ఆ గోడ గట్టిదని ఇంటివాళ్ల నమ్మకం.

మామ: సరే, నేను చేసేది చెప్తాను, చెయ్యనిది కూడా చెప్తాను. ఆ మూడు గోడల్లో ప్లాస్టిక్ బాక్సులు పీకేసి ఇనపవి పెట్టి ఎర్త్ ఇస్తాను. ఎదురుబొదురు ఉండేవి స్టడ్డు దాటిస్తాను. టీవీ పాయింటు ఇటు గోడకి వస్తాది. చుట్టూ కాంపౌండు నా పిల్లోడే పూస్తాడు, బోర్డు వాడితో నేను మాట్లాడను. మెట్ల గోడలో నాలుగు బాక్సులకి మాత్రం నీ ప్యాడ్ పెడతాను, నువ్వు బెంగుళూరు నుంచి తెచ్చిస్తే. వరండాకి పెట్టను.

కోడలు: వరండా మీదుగా పోకుండా మెట్ల దగ్గరికి ఎట్ల పోతారు?

మామ: వరండా గోడకి సర్‌ఫేస్ బాక్సు. తిట్టించుకునేది నేనే కదా.

కోడలు: పాత బొక్కలు?

మామ: అదే బోర్డు ముక్కతో మాటు వేసి, వెనకాల పట్టీ పెట్టి, స్క్రూ కొట్టి, టేపు వేసి మూయిస్తాను. అది మాత్రం బోర్డు వాడి పనే. వాడికి టీ ఇప్పిస్తే చేస్తాడు.

కోడలు: రెండో పక్క బోర్డు ఎప్పుడు పడతాది?

మామ: సోమవారం.

కోడలు: ఆదివారం సాయంత్రం వచ్చి ఫోటోలు తీసుకుంటాను. ప్రతి బాక్సు వెనక. గోడ మీద చాక్‌పీసుతో నంబరు వేసి పెట్టు.

మామ: నా మీద నమ్మకం లేదా?

కోడలు: నీ మీద ఉండాది. నీ తరవాత వచ్చి ఇంకో పాయింటు కోసేవాడి మీద లేదు. వాడికి చూపించేదానికి. అది సరే, ఆ మూల మెట్ల గోడకి పైన మూడంగుళాల బొక్క కొట్టుండారే, అదేమి?

మామ: అది ఏసీ రాగి పైపుకి. బయట పెట్టే యూనిట్టు మెట్ల పక్కనే వస్తాది కదా. ఓనరు ముందుగానే కొట్టించి పెట్టినాడు.

కోడలు: దాన్ని మూసేది ఎవురు?

మామ: ఏసీ వాడు.

కోడలు: వాడు ఎప్పుడొస్తాడు?

మామ: వచ్చే ఎండాకాలం. రూములు నిండినాంక.